తెల్లనివన్నీ పాలు కావు
(‘అన్నీ కాదు’, ‘అలా ఉన్నట్టుంది’ అని చెప్పడం నేర్చుకుందాం)

పిల్లలూ, ముందు ఒక చిన్న ఫోను కథ చదవండి.

మనామాలో ఒక అమ్మాయి ఉంది. తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్నకి షిఫ్టు డ్యూటీ. వారంలో మూడు నాలుగు రాత్రులు ఇంట్లో అందరూ కలిసి భోంచేస్తారు. మిగిలిన రాత్రులు నాన్న వచ్చేసరికి ఈ అమ్మాయి నిద్రపోతుంది. ఒక శుక్రవారం కాకినాడ నుంచి నానమ్మ వీడియో కాల్ చేసింది.

“ఏం తల్లీ, నాన్నా నువ్వూ కలిసి అన్నం తింటున్నారా?” అని అడిగింది.

అమ్మాయి మనసులో ఇంగ్లీషులో ‘నాట్ ఆల్వేస్’ అనుకుంది. దాన్ని మాటకి మాట తెలుగులోకి మార్చి ఇలా చెప్పింది:

“నాన్న ఎప్పుడూ మాతో అన్నం తినరు నానమ్మా.”

నానమ్మ మొహం మారిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “సరేలే తల్లీ, ఉంటాను” అని పెట్టేసింది. అమ్మాయి వంటింట్లోకి పరిగెత్తి, “అమ్మా, నానమ్మకి నా మీద కోపం వచ్చింది” అని ఏడుపు మొహం పెట్టింది.

అమ్మ వెంటనే తిరిగి ఫోన్ చేసింది. నానమ్మకి కోపం ఏమీ రాలేదు. కొడుకు పిల్లలతో ఒక్క పూట కూడా కూర్చుని తినడం లేదా, ఇంట్లో ఏమైనా గొడవా అని కంగారు పడింది. కళ్ళల్లో నీళ్ళు మనవరాలు చూడకూడదని ఫోన్ పెట్టేసింది. అంతే.

ఈ కథలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ రెండు వాక్యాలు గురి తప్పాయి.

మొదటిది: “నాన్న ఎప్పుడూ మాతో తినరు.” అమ్మాయి చెప్పాలనుకున్నది ‘కొన్ని రోజులు తినరు’ అని. నానమ్మకి వినిపించింది ‘ఒక్క రోజు కూడా తినరు’ అని.

రెండోది: “నానమ్మకి కోపం వచ్చింది.” అమ్మాయి చూసింది మారిన మొహాన్ని మాత్రమే. కోపాన్ని చూడలేదు. చూసినదాన్ని చూసినట్టు చెప్పకుండా, ఊహించినదాన్ని నిజమని చెప్పేసింది.

ఈ పాఠంలో ఈ రెండు వాక్యాలనీ బాగుచేసుకుందాం. మొదట ‘అన్నీ కాదు, కొన్నే’ అని చెప్పే పద్ధతి. తర్వాత ‘నిజంగా అంతేనో కాదో గానీ, చూస్తే అలా ఉంది’ అని చెప్పే పద్ధతి. మీకు ఇంగ్లీషులో ఈ రెండూ బాగా వచ్చు. తెలుగులో ఎక్కడ కాలు జారుతుందో చూద్దాం.

భాగం 1: అన్నీ, కొన్నే, ఏదీ లేదు

మూడు బుట్టలు ఊహించుకోండి. ఒకటి నిండా ఉంది. ఒకటి సగం ఉంది. ఒకటి ఖాళీ.

నిండు బుట్ట: అందరూ వచ్చారు.
సగం బుట్ట: అందరూ రాలేదు. కొందరే వచ్చారు.
ఖాళీ బుట్ట: ఎవరూ రాలేదు.

నిండు బుట్టకీ సగం బుట్టకీ ఒకే మాట, ‘అందరూ’. క్రియ మాత్రమే మారింది: ‘వచ్చారు’, ‘రాలేదు’. ఖాళీ బుట్టకి మాటే మారిపోయింది: ‘ఎవరూ’. ఇంగ్లీషులో ‘నాట్’ అనే మాట ముందే వచ్చి సంగతి చెప్పేస్తుంది. తెలుగులో ‘లేదు’, ‘కాదు’ వాక్యం చివర కూర్చుంటాయి. అందుకే తెలుగు వినేవాళ్ళు చివరి దాకా ఆగుతారు. చెప్పేవాళ్ళు కూడా చివరి మాటని మింగకుండా పలకాలి.

ఇప్పుడు ఇంకొన్ని జతలు చూడండి. ప్రతి జతలో మొదటిది సగం బుట్ట, రెండోది ఖాళీ బుట్ట.

అన్ని పుస్తకాలూ చదవలేదు. / ఏ పుస్తకమూ చదవలేదు.
అంతా తినలేదు, కొంచెం మిగిల్చాను. / ఏమీ తినలేదు.
గోంగూర అన్ని దుకాణాల్లోనూ దొరకదు. / గోంగూర ఏ దుకాణంలోనూ దొరకదు.
అన్నిచోట్లా చల్లగా ఉండదు. / ఎక్కడా చల్లగా ఉండదు.

గోంగూర వాక్యాలు మళ్ళీ ఒకసారి చదవండి. మొదటిది వింటే అమ్మ “అయితే ఇంకో దుకాణంలో చూద్దాం” అంటుంది. రెండోది వింటే “సర్లే, పాలకూర తీసుకో” అంటుంది. ఒక్క మాట తేడాతో ఆ రోజు పప్పు మారిపోతుంది!

దీర్ఘం మీద కన్నేయండి

‘ఎవరు’, ‘ఎవరూ’ ఒకటి కావు. 

ఎవరు రాలేదు? (ఇది ప్రశ్న. రానివాళ్ళ పేర్లు చెప్పమని.)
ఎవరూ రాలేదు. (ఇది జవాబు. ఒక్కరు కూడా రాలేదని.)

‘ఏమి’ – ‘ఏమీ’, ‘ఎక్కడ’ – ‘ఎక్కడా’, ‘ఎప్పుడు’ – ‘ఎప్పుడూ’ కూడా ఇంతే. ప్రశ్న మాట చివరి అక్షరాన్ని సాగదీసి, క్రియలో ‘లేదు’ పెడితే బుట్ట ఖాళీ అవుతుంది. రాసేటప్పుడు ఆ కొమ్ముకి దీర్ఘం మర్చిపోకండి. పలికేటప్పుడు సాగదీయడం మర్చిపోకండి.

‘ఎప్పుడూ’ అనే తిరకాసు

మన కథలో అమ్మాయి పడింది ఈ గోతిలోనే. చూడండి:

నాన్న ఎప్పుడూ నవ్వుతారు. (అన్ని వేళలా నవ్వుతారు.)
నాన్న ఎప్పుడూ నవ్వరు. (ఒక్కసారి కూడా నవ్వరు.)

‘ఎప్పుడూ’ పక్కన మామూలు క్రియ ఉంటే బుట్ట నిండు. ‘కాదు, లేదు’ అనే క్రియ ఉంటే బుట్ట ఖాళీ. నిండు నుంచి ఒక్క గెంతులో ఖాళీకి వెళ్ళిపోతుంది. మధ్యలో సగం బుట్ట దగ్గర ఆగదు. ఇంగ్లీషులో ‘ఆల్వేస్’ ముందు ‘నాట్’ పెడితే సగం బుట్ట వస్తుంది. మనం అదే పని తెలుగులో చేస్తే ఖాళీ బుట్ట వస్తుంది.

మరి ‘నాట్ ఆల్వేస్’ ఎలా చెప్పాలి? దారులు చాలా ఉన్నాయి:

నాన్న రోజూ మాతో తినరు. కొన్ని రోజులే తింటారు.
నాన్న ప్రతిసారీ రారు.
నాన్న అన్ని రోజులూ ఇంట్లో ఉండరు.
నాన్న అప్పుడప్పుడే మాతో తింటారు.

‘రోజూ’, ‘ప్రతిసారీ’, ‘అన్నిసార్లూ’ అనే మాటలు సగం బుట్ట దగ్గర బుద్ధిగా ఆగుతాయి. ‘అప్పుడప్పుడే’ అన్నప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త. అది ‘చాలా తక్కువసార్లు’ అనే వైపు మొగ్గుతుంది. వారంలో నాలుగు రోజులు కలిసి తినే నాన్నకి ‘అప్పుడప్పుడే’ అంటే అన్యాయం!

ఇద్దరూ, రెండూ

“అమ్మా నాన్నా ఇద్దరూ రాలేదు” అంటే ఎక్కువమంది ‘ఒక్కరూ రాలేదు’ అనే అర్థం చేసుకుంటారు. ఒకరు వచ్చి ఒకరు రాకపోతే, తిప్పి చెప్పండి: “ఇద్దరిలో ఒకరే వచ్చారు” లేదా “అమ్మ వచ్చింది, నాన్న రాలేదు.” ‘అందరూ రాలేదు’ అన్నప్పుడు కూడా అనుమానం వస్తుందనిపిస్తే, వెనకాల ఒక ముక్క తగిలించండి: “అందరూ రాలేదు, ఎనిమిది మందే వచ్చారు.” ఆ రెండో ముక్క వాక్యానికి తాళం లాంటిది. ఇక అర్థం అటూ ఇటూ పోదు.

అంత, పూర్తిగా, పెద్దగా

సగం బుట్టకి ఇంకో మూడు మంచి మాటలున్నాయి.

పులుసు అంత కారంగా లేదు. (కొంచెం కారం ఉంది.)
పులుసు అస్సలు కారంగా లేదు. (కారమే లేదు.)

పాఠం పూర్తిగా అర్థం కాలేదు. (కొంత అయింది.)
పాఠం అస్సలు అర్థం కాలేదు. (ఏమీ కాలేదు.)

ఆ ఆట గురించి నాకు పెద్దగా తెలియదు. (కొంచెమే తెలుసు.)
ఆ ఆట గురించి నాకేమీ తెలియదు. (సున్నా!)

క్లాసులో టీచరు “అర్థమైందా?” అని అడిగితే మీరు ఏ వాక్యం చెబుతారో దాన్ని బట్టి టీచరు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తేల్చుకుంటారు. ‘పూర్తిగా అర్థం కాలేదు’ అంటే “ఏ ముక్క అర్థం కాలేదు?” అంటారు. ‘అస్సలు’ అంటే పాఠం మొత్తం మళ్ళీ మొదలు!

కాదు, కావు, కారు

మాట్లాడేటప్పుడు చాలామంది అన్నిటికీ ‘కాదు’ అనేస్తారు. “అవన్నీ నావి కాదు”, “వాళ్ళందరూ మా చుట్టాలు కాదు.” వింటే తప్పుగా అనిపించదు. పుస్తకంలో రాసేటప్పుడు మాత్రం వస్తువులు ఎక్కువైతే ‘కావు’, మనుషులు ఎక్కువైతే ‘కారు’ అని రాస్తాం: “అవన్నీ నావి కావు.” “వాళ్ళందరూ మా చుట్టాలు కారు.” నానమ్మతో మాట్లాడేటప్పుడు మొదటిది చాలు. ఈ వర్క్‌బుక్‌లో రాసేటప్పుడు రెండోది వాడండి.

మన బహ్రెయిన్ మీద నాలుగు వాక్యాలు

వేసవి సెలవుల్లో మీరు ఊరికి వెళ్తే అక్కడి పిల్లలు మిమ్మల్ని రకరకాల ప్రశ్నలు అడుగుతారు. “అక్కడంతా ఇసకేనా?” “అందరూ అరబ్బులేనా?” అప్పుడు ఈ వాక్యాలు పనికొస్తాయి. గట్టిగా చదవండి.

బహ్రెయిన్ అంతా ఎడారి కాదు. ఉత్తరం వైపు ఖర్జూర తోటలు ఉన్నాయి. (‘బహ్రెయిన్’ అంటే అరబ్బీలో ‘రెండు సముద్రాలు’ అని అర్థం.)

బహ్రెయిన్‌లో ఉండేవాళ్ళందరూ బహ్రెయినీలు కారు. 2020 జనాభా లెక్కల్లో సగానికి కాస్త పైగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే.

బహ్రెయిన్ వాళ్ళు ఎల్లకాలం చమురు మీదే బతకలేదు. ఇక్కడ చమురు బావి పడింది 1932లో. అంతకు ముందు వందల ఏళ్ళు ముత్యాల మీద బతికారు.

ఇక్కడ అన్ని రోజులూ ఎండ మండిపోదు. జనవరిలో స్వెట్టర్ వేసుకుంటాం.

ఇదే తిప్పి చూడండి. ఇక్కడ స్కూల్లో మీ స్నేహితులు ఎవరైనా “ఇండియాలో అందరూ హిందీ మాట్లాడతారు కదా?” అని అడిగితే ఏం చెబుతారు? “అందరూ మాట్లాడరు. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం” అనండి. ఇండియాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 2011 లెక్కల్లో 8 కోట్లకు పైగా ఉన్నారు. ‘అందరూ’ అనే మాట పక్కన ‘తారు’కి బదులు ‘రు’ పెట్టగానే, అంటే ‘మాట్లాడతారు’ని ‘మాట్లాడరు’ చేయగానే, 8 కోట్ల మందికి చోటు దొరికింది!

భాగం 2: చూస్తే అలా ఉంది

ఇప్పుడు రెండో వాక్యం సంగతి. “నానమ్మకి కోపం వచ్చింది.”

బహ్రెయిన్‌లో ఉండే మీకు ఈ పాఠం ఆకాశమే నేర్పుతుంది. కొన్ని రోజులు పొద్దున్నే కిటికీ తీస్తే ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. సూర్యుడు కనిపించడు. కాకినాడలో అయితే “మబ్బు పట్టింది, గొడుగు తీసుకో” అంటారు. ఇక్కడ అది చాలాసార్లు మబ్బు కాదు. దుమ్ము. గాలికి లేచిన సన్నటి ఇసక. కాబట్టి కిటికీ దగ్గర నిలబడి “మబ్బు పట్టింది” అంటే తప్పు కావచ్చు. “మబ్బు పట్టినట్టుంది” అంటే తప్పు కాదు. మీకు కనిపించింది అదే కాబట్టి.

ఆ ‘ట్టుంది’ ఎలా వస్తుందో చూద్దాం.

1. పేరు + లా ఉంది

ఒక వస్తువు ఇంకో వస్తువుని పోలి ఉంటే ‘లా’ లేదా ‘లాగా’ చేరుస్తాం. ‘లా ఉంది’ అన్నామంటే రెండూ ఒకటే అని చెప్పడం లేదు. పోలిక చూశామని చెబుతున్నాం.

తమ్ముడు అచ్చం తాతయ్యలా ఉన్నాడు.
ఈ రాయి గుడ్డులా ఉంది.
ఆ చెట్టు మా ఊరి జమ్మిచెట్టులా ఉంది.

మూడో వాక్యం నిజంగా మీరు అనగలిగే చోటు ఒకటుంది. జబల్ దుఖాన్ దగ్గర ఎడారిలో ఒంటరిగా నిలబడిన ‘జీవవృక్షం’ చూశారా? అరబ్బీలో షజరత్ అల్ హయాత్ అంటారు. దానికి సుమారు 400 ఏళ్ళు. ఎత్తు సుమారు 10 మీటర్లు. అది మన జమ్మికి దగ్గరి చుట్టం. దసరా నాడు మన ఊళ్ళల్లో పూజ చేసే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా. ఈసారి ఆ చెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు సన్నటి ఆకులు చూపించి, “అమ్మా, జమ్మాకులా ఉంది కదా?” అని అడగండి. ఆ చుట్టుపక్కల ఎక్కడా నీళ్ళు ఉన్నట్టు కనిపించదు. అయినా చెట్టు పచ్చగానే ఉంటుంది.

2. క్రియ + అట్టు ఉంది

జరిగిపోయింది: వాన పడినట్టుంది. (నేల తడిగా ఉంది.)
జరుగుతోంది: వాన పడుతున్నట్టుంది. (కిటికీ మీద చప్పుడు వినిపిస్తోంది.)
జరగబోతోంది: వాన పడేట్టుంది, వాన పడేలా ఉంది. (గాలి చల్లబడింది.)

ఇంగ్లీషులో ‘సీమ్స్’, ‘లుక్స్ లైక్’ వాక్యం మొదట్లోనే వస్తాయి. తెలుగులో ఇది కూడా చివరే. “వాన పడి...” దాకా నిజం చెబుతున్నారో ఊహ చెబుతున్నారో తెలియదు. “...నట్టుంది” అనగానే తెలుస్తుంది.

మనుషుల గురించి అయితే ‘నాన్న వచ్చినట్టున్నారు’ అంటాం. ‘నాన్న వచ్చినట్టుంది’ అని కూడా వింటారు. రెండూ వాడుకలో ఉన్నాయి.

3. నాన్న వచ్చారా? ఐదు జవాబులు

సాయంత్రం మీరు గదిలో హోంవర్కు చేసుకుంటున్నారు. అక్క “నాన్న వచ్చారా?” అని అడిగింది. మీకు ఎంత తెలుసో దాన్ని బట్టి జవాబు మారాలి.

కళ్ళతో చూశారు: నాన్న వచ్చారు.
గుమ్మం దగ్గర చెప్పులు చూశారు: నాన్న వచ్చినట్టున్నారు.
అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నారు: నాన్న వచ్చారట.
గుర్తేమీ లేదు, మనసుకి తోచింది: నాన్న వచ్చారనిపిస్తోంది.
బయట మాటలు చెవిన పడ్డాయి: నాన్న గొంతు వినిపిస్తోంది.

చూడండి, ‘అట’ అనే చిన్న ముక్క ‘ఇది నేను చూడలేదు, ఎవరో చెప్పారు’ అని చెబుతుంది. ఇంగ్లీషులో దానికి ఒక పూర్తి వాక్యం కావాలి. తెలుగులో రెండక్షరాలు చాలు. స్కూల్లో ఎవరి గురించైనా ఏదైనా విని ఇంట్లో చెప్పేటప్పుడు ఆ రెండక్షరాలు తప్పకుండా పెట్టండి. “వాడు కాపీ కొట్టాడు” వేరు. “వాడు కాపీ కొట్టాడట” వేరు. మొదటిదానికి సాక్షి మీరే. రెండోదానికి మీరు సాక్షి కారు.

4. మొహాలు చదవడం

కోపంగా ఉంది. (తేల్చి చెప్పేశారు.)
కోపంగా ఉన్నట్టుంది. (గుర్తులు చూసి అనుకుంటున్నారు.)
కోపంగా కనిపిస్తోంది. (మొహం చూసి చెబుతున్నారు.)
కోపం వచ్చిందేమో. (అనుమానం.)

మనసు లోపల ఏముందో మనకి కనిపించదు. కనుబొమలు, గొంతు, మౌనం మాత్రమే కనిపిస్తాయి. కంగారు పడ్డ మొహం, కోపం వచ్చిన మొహం, పంటి నొప్పి మొహం దూరం నుంచి ఒకేలా ఉండొచ్చు. ఫోను తెరమీద మరీ కష్టం. అందుకే మనుషుల గురించి చెప్పేటప్పుడు ‘ఉన్నట్టుంది’, ‘ఏమో’ అనేవి మర్యాద మాటలు కూడా. “నానమ్మకి కోపం వచ్చినట్టుంది” అని ఉంటే అమ్మ “ఎందుకలా అనిపించింది?” అని అడిగేది. అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చేది.

జాగ్రత్త: ‘ఉన్నట్టుంది’కీ ‘ఉన్నట్టుండి’కీ అక్షరం ఒకటే తేడా. “ఉన్నట్టుండి వాన పడింది” అంటే ‘హఠాత్తుగా’ పడిందని. దానికీ ఊహకీ సంబంధం లేదు!

ఇంటింటికీ ఒక మాట

మీ క్లాసులో ఒక్కొక్కరి అమ్మానాన్నలది ఒక్కో ఊరు. కాబట్టి ఈ మాటలు అందరి ఇళ్ళల్లో ఒకేలా వినిపించవు. కోస్తా వాళ్ళు ‘తాతయ్యలా ఉన్నాడు’ అంటే, తెలంగాణ వాళ్ళు ‘తాత లెక్క ఉన్నడు’ అంటారు. రాయలసీమలో ‘తాత మాదిరి ఉన్నాడు’ అనడం వింటారు. ‘వాన పడేట్టుంది’ని కరీంనగర్ వాళ్ళింట్లో ‘వాన పడేటట్టున్నది’ అనొచ్చు. అన్నీ తెలుగే. మీ ఇంట్లో ఏది వాడతారో అదే వాడండి, మిగిలినవి విన్నప్పుడు గుర్తుపట్టండి.

భాగం 3: రెండూ కలిపితే

ఇప్పటికి రెండు పనిముట్లు వచ్చాయి. ఒకటి ‘అన్నీ కాదు’. ఇంకొకటి ‘అలా ఉంది’. మన పెద్దవాళ్ళు రెండింటినీ ఒకే మాటలో కలిపేశారు:

తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు.

చూడ్డానికి పాలలా ఉన్నవాటిలో కొన్నే పాలు. ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషిని “వాడు తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకుంటాడు” అంటారు. ‘మెరిసేదంతా బంగారం కాదు’ అనే సామెత కూడా ఇలాంటిదే.

ఈ సామెతలకి బహ్రెయిన్‌లో చక్కటి ఉదాహరణ ఉంది. ముత్యం.

పూర్వం ఇక్కడి గజ ఈతగాళ్ళు వేసవి నెలల్లో పడవల మీద వెళ్ళి, ముక్కుకి క్లిప్పు లాంటిది పెట్టుకుని, సముద్రం అడుక్కి మునిగి ముత్యపు చిప్పలు తెచ్చేవాళ్ళు. అన్ని చిప్పల్లోనూ ముత్యం ఉండేది కాదు. వందల చిప్పలు తెరిస్తే ఎక్కడో ఒక మంచి ముత్యం. 1930ల ప్రాంతంలో జపాన్ నుంచి పెంచిన ముత్యాలు బజారులోకి వచ్చాయి. మనుషులే చిప్పలో చిన్న పూస పెట్టి, చిప్ప చేత ముత్యం తయారు చేయించే పద్ధతి అది. పెంచిన ముత్యం చూడ్డానికి అచ్చం సహజ ముత్యంలా ఉంటుంది. ధర మాత్రం చాలా తక్కువ. దానితో ఇక్కడి ముత్యాల వ్యాపారం కుదేలైంది. ముహర్రక్‌లో ఆ వ్యాపారుల ఇళ్ళనీ, సముద్రంలోని మూడు చిప్పల దిబ్బలనీ 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మీ స్కూలు వాళ్ళు తీసుకెళ్తే ఆ ముత్యాల బాట మీద నడవండి.

బహ్రెయిన్‌లో ఈ నాటికీ పెంచిన ముత్యాలు అమ్మనివ్వరు. మరి రెండూ ఒకేలా ఉంటే తేడా ఎలా తెలుస్తుంది? ప్రయోగశాలలో ఎక్స్‌రే తీసి లోపల చూస్తారు. అనుభవం ఉన్న వ్యాపారి కూడా పైపైన చూసి “సహజ ముత్యంలా ఉంది” అనాలి తప్ప, “సహజ ముత్యమే” అని ఒట్టేయకూడదు. హైదరాబాదులో చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో మీ అత్తయ్య కొన్న ముత్యాల దండ సంగతీ అంతే. అక్కడ అమ్మేవన్నీ సహజ ముత్యాలు కావు. పెంచినవే ఎక్కువ. అవి కూడా అందంగానే ఉంటాయి. పేరు సరిగ్గా చెప్పి అమ్మితే సరి.

లేదు ఎక్కడ పెట్టాలి?

రెండు పనిముట్లూ కలిసినప్పుడు ‘లేదు’ రెండు చోట్ల పెట్టొచ్చు.

తమ్ముడు అన్నం తిననట్టుంది. (తినలేదని గుర్తులు కనిపిస్తున్నాయి. కంచం శుభ్రంగా ఉంది.)
తమ్ముడు అన్నం తిన్నట్టు లేదు. (తిన్నాడనడానికి గుర్తులు కనిపించడం లేదు.)

అర్థం దాదాపు ఒకటే. మాటల్లో రెండోది ఎక్కువ వింటారు: “వాన వచ్చేలా లేదు”, “వీడు ఇవాళ నిద్రపోయేట్టు లేడు!”

అభ్యాసాలు

అభ్యాసం 1. ఏ బుట్ట? నిండు, సగం, ఖాళీ అని రాయండి.
క. ఈ బస్సులు అన్నీ ముహర్రక్ వెళ్ళవు.
చ. నాకు ఇవాళ హోంవర్కు ఏమీ లేదు.
ట. అక్క ఎప్పుడూ పాడుతూనే ఉంటుంది.
త. మామయ్య ఎప్పుడూ కాఫీ తాగడు.
ప. ఈ సినిమా నాకు అంత నచ్చలేదు.

అభ్యాసం 2. ఎంత తెలుసో దాన్ని బట్టి వాక్యం మార్చండి.
క. ఇక్కడ రాత్రి తొమ్మిదైంది. ఇండియాలో పదకొండున్నర. నానమ్మ ఫోన్ ఎత్తడం లేదు. (నానమ్మ నిద్రపోయింది.)
చ. స్నేహితుడు చెప్పాడు. మీరు చూడలేదు. (రేపు స్కూలుకి సెలవు.)
ట. ఆకాశం బూడిద రంగులో ఉంది. (ఇవాళ దుమ్ము లేస్తుంది.)

అభ్యాసం 3. తప్పు దిద్దండి. బ్రాకెట్లో ఉన్న అర్థం రావాలి.
క. మా క్లాసులో ఎవరూ తెలుగు మాట్లాడరు. (ముగ్గురు మాట్లాడతారు.)
చ. నేను ఎప్పుడూ పాలు తాగను. (వారంలో ఐదు రోజులు తాగుతాను.)

అభ్యాసం 4. ఇంట్లో చేయండి. అమ్మనో నాన్ననో ఇంకెవరినైనా పెద్దవాళ్ళనో ఒక నిమిషం జాగ్రత్తగా చూడండి. వాళ్ళు ఎలా ఉన్నారనిపిస్తోందో ‘ఉన్నట్టుంది’ లేదా ‘ఉన్నట్టున్నారు’ వాడి రెండు వాక్యాలు రాయండి. తర్వాత వాళ్ళకి చదివి వినిపించి, నిజమో కాదో అడగండి. ఎన్ని సరిపోయాయి? అన్నీ సరిపోయాయా, కొన్నేనా, ఏదీ సరిపోలేదా? ఆ జవాబు కూడా తెలుగులోనే రాయండి.

జవాబులు
అభ్యాసం 1: క. సగం. చ. ఖాళీ. ట. నిండు. త. ఖాళీ. ప. సగం.
అభ్యాసం 2: క. నానమ్మ నిద్రపోయినట్టుంది. చ. రేపు స్కూలుకి సెలవట. ట. ఇవాళ దుమ్ము లేచేలా ఉంది.
అభ్యాసం 3: క. మా క్లాసులో అందరూ తెలుగు మాట్లాడరు, ముగ్గురే మాట్లాడతారు. చ. నేను రోజూ పాలు తాగను, వారంలో ఐదు రోజులు తాగుతాను.

చివరగా

మన కథలో అమ్మాయి మర్నాడు నానమ్మకి తనే ఫోన్ చేసింది. ఈసారి ఇలా చెప్పింది: “నానమ్మా, నాన్న రోజూ మాతో తినరు. డ్యూటీ ఉంటుంది కదా. నిన్న తిన్నారు. నాకు ముద్దలు కూడా కలిపి పెట్టారు. నిన్న నీకు కోపం వచ్చిందనుకున్నాను.” నానమ్మ పెద్దగా నవ్వింది. “నా తల్లే! నాకెందుకే కోపం” అంది.

ఇంకొక్క వాక్యం మిగిలింది. మీలో చాలామంది ఎవరైనా అడగ్గానే “నాకు తెలుగు రాదు” అంటారు. ఆ మాట తెలుగులోనే అంటారు! ఇంత పెద్ద పాఠం చదివి ఇక్కడి దాకా వచ్చారు. ఆ వాక్యాన్ని మీరే బాగుచేయండి. కింద గీత మీద రాయండి.

నాకు తెలుగు ____________ రాదు.